గడప దాటిన కుర్చీ

నేనొక కుర్చీని. నల్లతుమ్మ చేవ. ఇప్పుడు నా మీద మనిషి లేదు, ఫొటో ఉంది.

నన్ను చేయించినవాడు యోబు. జీవితమంతా ఒకరి చేలో పాలేరు. కూతురు సలోమి లా పాసై నల్లకోటుతో ఇంటికి వచ్చిన వారంలోనే, గట్టు మీద కూలిన తుమ్మచెట్టును అడిగి తెచ్చుకుని వడ్రంగి బ్రహ్మయ్య ముందు వేశాడు.

"చేతులు పెట్టమంటావా, ఉత్త కుర్చీ చాల్దూ?" అన్నాడు బ్రహ్మయ్య.

"పెట్టయ్యా. మా అమ్మాయి లాయరు."

పని అయ్యాక కూర్చుని చూడమంటే యోబు కూర్చోలేదు. పక్కన గొంతుక్కూచుని నా చేతుల్ని తడిమాడు. అంతసేపు నన్ను మళ్ళీ ఎవరూ తడమలేదు.

కోర్టులో ఒక పద్ధతి ఉంది. బల్ల, కుర్చీ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. వాటిని వేసుకునే చోటు మాత్రం బార్ అసోసియేషన్ గదిలో సీనియర్ నుంచి జూనియర్‌కు వస్తుంది. సీనియర్ పోతే ఆ చోటు జూనియర్‌ది. ఎక్కడా రాసిపెట్టింది కాదు, అయినా ఎవరూ తప్పరు. సలోమిని జూనియర్‌గా పెట్టుకున్నవారు ఆ గదిలో ఒక్కరూ లేరు. అందుకని నన్ను వరండాలో, కిటికీ కింద వేశారు.

"చోటుంటే ఇవ్వమామ్మా?" అనేవారు అధ్యక్షుడు పూర్ణచంద్రరావు గారు. ఏ రోజూ గట్టిగా మాట్లాడింది లేదు. లోపల ఇరుకన్నదీ నిజమే. ఒక పెద్దాయన పోయినప్పుడల్లా సలోమి వెళ్ళి అడిగేది. ఆ చోట్లోకి కొడుకో అల్లుడో వచ్చాక ఇరుకు మళ్ళీ మామూలే.

అలాగే ఏళ్ళు నడిచాయి. పడమటి జల్లు కొడితే ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పేది, తను తడిసేది. సీనియర్ దొరకని ఆడపిల్లలంతా ఆమె దగ్గరికే వచ్చారు. చాకలివారి పిల్ల, ఎరుకలవారి పిల్ల, చివరికి దూదేకుల మస్తాన్‌బీ. నా చేతి మీద కాగితం పెట్టించి వాళ్ళ చేత దావాలు రాయించేది. "ముందు జడ్జి గారికి వినపడేట్టు మాట్లాడండే. భయం తర్వాత పడదాం" అనేది.

కిటికీలోంచి ఎవరో ఒకాయన, "వరండా కాలేజీ బాగానే నడుస్తున్నట్టుందే!" అని నవ్వేవాడు.

"మీ కాలేజీలో సీట్లు లేవన్నారుగా సార్, అందుకే పెట్టా" అనేది సలోమి, ఆమే ముందు నవ్వి.

తర్వాత దగ్గు పట్టుకుంది. కోర్టుకు వచ్చిన ఆఖరి రోజు మస్తాన్‌బీని నాలో కూర్చోమని, తను స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"అమ్మో, నేను కూర్చోను మేడం."

"కూర్చోవే. ఇక ఇది నీదే. ఇక్కడ మాత్రం వేసుకోకు. లోపల అడుగు."

"మీకే ఇవ్వంది నాకిస్తారా?"

"అడుగు."

నెల తిరక్కుండానే పోయింది.

సంతాప సభలో పూర్ణచంద్రరావు గారి కళ్ళు చెమర్చాయి. దొంగ ఏడుపు కాదు, దగ్గరుండి చూశాను. గతిలేని ఇళ్ళ ఆడపిల్లలకు కోర్టు దారి చూపిన మనిషి అన్నారు. సమానత్వం అన్నారు. "సలోమి గారికి ఈ గదిలో శాశ్వతంగా చోటు ఇస్తున్నాం!" అనగానే చప్పట్లు. ఇద్దరు లాయర్లు నన్నెత్తి గడప దాటించారు. బల్లలు తలా కాస్త జరిపితే కిటికీ పక్కన చక్కగా చోటు వచ్చింది. అంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు పొద్దున మస్తాన్‌బీ ఫైళ్ళతో వచ్చింది. నా మీద పెట్టిన సలోమి ఫొటోను కళ్ళకద్దుకుని కిటికీలో నిలబెట్టి, నాలో కూర్చుంది.

"ఏంటమ్మా అది? లే" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"మా సీనియర్ చోటు సార్. సీనియర్‌ది జూనియర్‌కే కదా వచ్చేది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు.

"ఇది చోటు కాదమ్మా, గౌరవం. తేడా తెలుసుకోవాలి."

"అయితే గౌరవం మీరుంచుకోండి సార్. కుర్చీ ఇయ్యండి, బయటేసుకుంటా."

"ఆవిడ గుర్తును వరండాలో పడేస్తామా? చూసినవాళ్ళు మమ్మల్నేమనుకుంటారు?"

ఒక్కరైనా నోరు విప్పుతారేమోనని ఆ పిల్ల బల్ల బల్లకూ చూసింది. అందరికీ ఏదో చదువుకునే పని పడింది. లేచింది.

బంట్రోతు కోటయ్య ఫొటో మళ్ళీ నా మీద పెట్టాడు. ఇంకెవరూ కూర్చోకుండా ఎర్ర రిబ్బను తెచ్చి ఈ చేతి నుంచి ఆ చేతికి బిగించి కట్టాడు. యోబు అడిగి పెట్టించిన చేతులు ముడికి బాగా పనికొచ్చాయి.

కిటికీలోంచి వరండా కనబడుతుంది. గచ్చు మీద నా కాళ్ళు అరగదీసిన మచ్చలు ఇంకా ఉన్నాయి. మస్తాన్‌బీ వాటి మధ్య నిలబడి, కాగితం గోడకు ఆనించి దావా రాస్తుంది. జల్లు కొడితే ఫైళ్ళ మీద చున్నీ కప్పి తను తడుస్తుంది.

నేను పొడిగా ఉన్నాను. కోటయ్య రోజూ తుడుస్తాడు. దుమ్మును కూడా కూర్చోనివ్వడు.