ఏడో మనిషి

ఆ మూడంతస్తుల భవనంలో గాలి కంటే సంఘాలే ఎక్కువ. తలుపుకొక బోర్డు, కొన్ని తలుపులకు రెండు. కింద రక్తదాతలు, వాళ్ల పక్కనే తాగుడు మానినవాళ్లు. మొదటి అంతస్తులో వీధికుక్కల సంరక్షణ సంఘం, దానికి సరిగ్గా ఎదురుగా వీధికుక్కలు కరిచినవాళ్ల సంఘం. ఇద్దరికీ మంచినీళ్ల కుండ మాత్రం ఒకటే. ఆ పైన దిక్కులేని శవాలను సాగనంపేవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, పావురాలను పెంచేవాళ్లు, విడాకులైన మగవాళ్లు. మనిషికి ఎన్ని కష్టాలున్నాయో, ఎన్ని పిచ్చులున్నాయో తెలియాలంటే ఆ మెట్లు ఒకసారి ఎక్కి దిగితే చాలు.

ఇన్ని సంఘాలకూ జబ్బు మాత్రం ఒకటే. మనుషులు చాలరు. ఏ సభ జరగాలన్నా కనీసం ఏడుగురు కూర్చోవాలని నియమం. దాన్నే కోరం అంటారు. మొదట్లో హుషారుగా చేరినవాళ్లలో ఒకరు ఊరు మారతారు, ఒకరు అలుగుతారు, ఒకరు పోతారు. చివరికి ఆరుగురు మిగులుతారు. అదేం మాయో, ప్రతి గదిలోనూ ఆరుగురే. ఆ ఏడో మనిషి, మెట్ల కింద బల్ల వేసుకుని టైపు చేసే ఆవిడ.

ఏళ్ల కిందట ఎవరో వచ్చి, "కాస్త వచ్చి కూర్చోమ్మా, కూర్చుంటే చాలు, మాట్లాడక్కర్లేదు" అన్నారు. నోట్లో నాలుక లేని మనిషి, వెళ్లి కూర్చుంది. ఆ కబురు ఒక్కో అంతస్తూ ఎక్కింది. ఇప్పుడు ఆవిడ కుక్కల వైపూ సభ్యురాలే, కరిపించుకున్నవాళ్ల వైపూ సభ్యురాలే. అసలు పేరు అందరూ మరిచిపోయి కోరమ్మ అంటున్నారు. అందుకు బదులుగా మేడ మీద ఒక గది ఇచ్చారు. కిటికీ తీస్తే ఎదురుగా నీళ్ల ట్యాంకు గోడ కనిపిస్తుంది. నక్క తోక తొక్కావు కోరమ్మా, అద్దె లేని ఇల్లు, అని ఏడిపించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను ఒక ఎండాకాలం ఆ గదిలో పడుకోబెట్టాలి.

ఆవిడకు మిగిలింది ఒక్క అక్క. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊళ్లో ఉంటుంది. అక్కకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది కూడా మసకబారుతోందని తెలుసు కానీ, ఇంత త్వరగా ఫోను వస్తుందని కోరమ్మ అనుకోలేదు.

"ఏమే, వచ్చే వారం ఆపరేషనట. తర్వాత పక్కన మనిషి ఉండాలట. చూపొస్తుందో రాదో డాక్టరే తేల్చి చెప్పడం లేదు. నువ్వొచ్చెయ్యవే. ఎన్నాళ్లుంటావు ఆ మెట్ల కింద? ఇక్కడ రెండు గదులున్నాయి. పొద్దున్నే ఎండ నట్టింట్లోకి వస్తుంది."

"వస్తానక్కా."

"పోయినసారీ ఇలాగే అన్నావు."

"ఈసారి వచ్చేస్తాను. సామాను సర్దుకునే వస్తాను."

ఫోను పెట్టేశాక ఆవిడ కళ్ల ముందు ఆ ఇల్లే మెదిలింది. ఎండ వచ్చే ఇల్లు. అక్క పక్కన మంచం. ఎవరూ తలుపు తట్టి ఒక మనిషి తక్కువయ్యారని పిలవని పొద్దు. అంతకంటే ఆవిడ ఏమీ కోరలేదు. అప్పటికప్పుడే బల్ల దగ్గర కూర్చుని తన రాజీనామా తానే టైపు చేసుకుంది.

అన్ని గదులవాళ్లూ ఒకటే మాట అన్నారు. "మాస్టారు వదిలితే మేమూ వదుల్తాం." మాస్టారంటే మూడో అంతస్తులో చూపులేనివారి సహాయ సంఘానికి అధ్యక్షుడు, రిటైరైన హెడ్‌మాస్టరు. నియమాల విషయంలో ఆయన మాటే ఆ భవనానికి చట్టం. మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కంతా.

ఆయన కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వెళ్లాల్సిందేనమ్మా. అక్క కదా. కానీ రాజీనామాను సభ ఆమోదించాలి. ఎవరి విషయం చర్చకొస్తే వాళ్లు బయటికి వెళ్లాలి. నువ్వు బయటికెళ్తే మేం ఆరుగురం. కోరం లేదు. కోరం లేని సభ ఏదీ ఆమోదించలేదు."

"అయితే నేను లోపలే కూర్చుంటానండీ."

"లోపల కూర్చున్నా లెక్కలోకి రావు. అది నీ విషయం కదా."

"మరి నేను ఎప్పటికి వెళ్లగలను?"

మాస్టారికి నిజంగానే బాధ కలిగింది. "ఏడో మనిషి దొరికినప్పుడు" అన్నాడు.

పెట్టె సర్దుకుని వెళ్లిపోతే ఎవరు పట్టుకుంటారని మీరు అడగొచ్చు. ఎవరూ పట్టుకోరు. అదే ఆవిడ చిక్కు. వార్షిక సభల నెల అది. ఆ నెలలో సభ జరగకపోతే సంఘాన్ని ప్రభుత్వ జాబితా నుంచి కొట్టేస్తారు. కొట్టేస్తే చూపులేని పిల్లలు చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనుషులను పంపేదెవరు? పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ పిల్లల ఉత్తరాలన్నీ టైపు చేసింది ఈవిడే. వాళ్లను నట్టేట ముంచి, వెళ్లి ఎండలో కూర్చోవడానికి ఆవిడకు కాళ్లు రాలేదు.

మర్నాడు రాజధాని నుంచి ఒక లెక్కల అధికారి వచ్చాడు. రాష్ట్రంలో స్వచ్ఛంద సంఘాలు ఎన్ని, ఎన్ని రకాలు అని పుస్తకం వేస్తున్నారట. గది గదికీ తిరిగి, ఆనందంతో తబ్బిబ్బవుతూ కిందికి దిగాడు. "ఒక్క భవనంలో ఇంత వైవిధ్యమా! పావురాలక్కూడా ఉందే!"

కోరమ్మ ప్రాణం లేచొచ్చింది. దేవుడే పంపాడనుకుంది. బల్ల మీంచి లేచి ఆయన దారికి అడ్డంగా నిలబడింది. ఆవిడ జీవితంలో ఎవరి దారికైనా అడ్డం నిలబడడం అదే మొదలు.

"సార్, ఒక మాట. ఈ సంఘాలన్నిట్లోనూ సభ్యురాలిని నేనేనండీ. ప్రతి గదిలోనూ నేనే. ఇది తప్పు కదండీ? నన్ను కొట్టేయండి."

అధికారి ఆవిడను కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత నవ్వాడు.

"తప్పేం లేదమ్మా. ఎన్నిట్లోనైనా ఉండొచ్చు. అయినా మా పుస్తకానికి కావాల్సింది సంఘాల లెక్క. మనుషుల లెక్క కాదు."

ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. ఆవిడకు అప్పుడు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక టైపు మిషను మీద చూపించింది. ఆ రోజు కుక్కల సంఘం ఉత్తరంలో ఒక్కో అక్షరం కాగితానికి చిల్లు పొడిచింది.

ఆపరేషను రోజున ఆవిడ వెళ్లలేదు. శవాలవాళ్ల సభ, తర్వాత రక్తదాతల సభ. అక్క పక్కింటావిడ ఆసుపత్రిలో తోడుందని ఫోనులో తెలిసింది. "నువ్వు రాలేదేమే" అని అక్క అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని కోరమ్మకు అనిపించింది.

చూపులేనివారి సంఘం సభ నాడు మెట్ల దగ్గర అలికిడైంది. కోరమ్మ తల తిప్పి చూస్తే, పక్కింటావిడ చెయ్యి పట్టుకుని అక్క నిలబడి ఉంది. కంటికి తెల్లటి కట్టు.

"నువ్వు రావని నేనే వచ్చానే. కట్టు విప్పినా వెలుతురు తెలుస్తుందేమో, అంతేనట. ఇంట్లో ఒక్కదాన్నే గోడలు తడుముకుంటూ ఉండలేక వచ్చేశాను."

పక్కింటావిడ బస్సు వేళైందని వెళ్లిపోయింది. కోరమ్మ అక్క ముఖం రెండు చేతులతో పట్టుకుంది. పైనుంచి మాస్టారు పిలుస్తున్నాడు, అందరూ వచ్చారమ్మా, నీదే ఆలస్యమని. అక్కను కింద వదల్లేక, ఒక్కో మెట్టూ చెబుతూ పైకి తీసుకెళ్లింది.

మాస్టారు అక్కను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. పెట్టిన నాటి నుంచి ఆ సంఘంలో చూపులేని మనిషి ఒక్కరూ లేరు. ఉన్నవాళ్లందరికీ మహా అయితే కళ్లజోళ్లు.

"అమ్మా, మీరు మా సంఘంలో చేరతారా?"

"నేనా? నేనేం చెయ్యగలను బాబూ?"

"కూర్చుంటే చాలమ్మా."

వద్దక్కా అందామని కోరమ్మ నోరు తెరిచింది. కానీ అక్క అప్పటికే, ఎవరో పెట్టిన కుర్చీని చేత్తో తడిమి, నిటారుగా కూర్చుని ఉంది. ఆ ముఖంలో సిగ్గుతో కూడిన సంతోషం. తనతో ఎవరికైనా పనుందని విని ఆవిడకు ఎన్నేళ్లయిందో.

ముందు అక్కను చేర్చుకున్నారు. తర్వాత కోరమ్మ రాజీనామా చదివారు. నియమం ప్రకారం ఆవిడ బయట వరండాలో నిలబడింది. లోపల ఏడుగురు. ఆమోదించామని మాస్టారి గొంతు వినిపించింది, చప్పట్లు వినిపించాయి. అంతే, అయిపోయింది. ఆవిడకు విడుదల దొరికింది. ఎక్కడికి వెళ్లాలని ఇన్నాళ్లూ తపించిందో ఆ ఇంటికి తాళం వేసుంది. ఆ ఇంటి మనిషి లోపల కుర్చీలో ఉంది. ఆవిడకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు.

మాస్టారు వదిలాడన్న కబురు మెట్లు దిగింది. ఇచ్చిన మాట ప్రకారం అందరూ వదిలారు. వదలరూ మరి, కొత్త మనిషి దొరికాక. కుక్కలవాళ్లు వచ్చారు, కరిపించుకున్నవాళ్లు వచ్చారు, విడాకులైన మగవాళ్లు కూడా మొహమాటపడుతూ వచ్చారు. ఎవరినీ కాదనలేదు అక్క.

"ఇంత సందడిలో ఇన్నేళ్లుండి నాకొక్క ముక్క చెప్పలేదేమే" అంది చెల్లెలితో. "ఆ ఊరెందుకింక? పైన నీ గది ఉందిగా. ఇద్దరికీ సరిపోదూ?"

"సరిపోతుందక్కా" అంది కోరమ్మ.

ట్యాంకు గోడ ఎదురుగా ఇప్పుడు రెండు చాపలు. అక్కకు మెట్లు తెలియవు, తలుపులు తెలియవు. అందుకని ఏ గదిలో సభ జరిగినా కోరమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది, అయ్యేదాకా పక్కనే గోడకు ఆనుకుని నిలబడుతుంది. అధ్యక్షులు సభ మొదలుపెట్టే ముందు వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెడతారు. ఆ వేలు అక్క దగ్గరికి వచ్చి ఏడు అంటుంది. అక్కడే ఆగిపోతుంది.