తాళం వేసిన పెట్టెలో ఒక కాలు

కాళ్ళ మేస్త్రి ఇంట్లో ఆ వారమంతా ఒకటే రభస. విమానంలో వేసే పెట్టెకు తాళం వెయ్యాలా, వద్దా?

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే ఆయననుకునేరు. ఈయన ఆస్పత్రి వెనక షెడ్డులో కృత్రిమ కాళ్ళు చేస్తాడు. మోకాలి కింద మనిషికి ఎంత మిగిలిందో చూసి, దానికి ప్లాస్టర్ అచ్చు తీసి, ఆ అచ్చు మీద తొడుగు పోసి, తొడుగు కింద ఇనప గొట్టం, గొట్టం కింద రబ్బరు పాదం బిగిస్తాడు. రోజంతా సానపట్టే యంత్రం హోరు గనక చెవుల్లో దూది పెట్టుకోవడం షెడ్డులో అందరికీ అలవాటు. ఇంకో పద్ధతి కూడా ఉంది. తయారైన కాలికి మేజోడు తొడిగి, బూటు వేసి, లేసు కట్టాకే గడప దాటనిస్తారు. వేసుకోబోయే మనిషి మొదటిసారి చూసినప్పుడు ఆ కంటికి కాలు కనబడాలి, మరలు కనబడకూడదు. మేస్త్రికి పని నేర్పినాయన పెట్టిన పద్ధతి అది. ఇన్నేళ్ళలో మేస్త్రి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈసారి చేసిన కాలు సొంత బావది, అంటే అక్క మొగుడిది. ఆయన నీటి సరఫరా కేంద్రంలో పంపులు నడిపే ఉద్యోగి. మోటారు సైకిలు ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద పోయింది. మేస్త్రి ఇంట్లో కొన్నాళ్ళుండి, తాత్కాలికంగా చేసిన కాలితో నడక నేర్చుకుని, వాపు తగ్గాక చివరి కొలతలిచ్చి, ఆ తాత్కాలికపు కాలు షెడ్డులోనే వదిలేసి చంకకర్రలతో ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు అసలు కాలు మేస్త్రి పట్టుకెళ్ళాలి. సోమవారం నాడు అధికారుల ముందు ట్యాంకు మెట్లెక్కి దిగితే బావ పాత పనిలోకి వెళ్తాడు. ఎక్కలేకపోతే గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు. పంపుల చప్పుడులో పెరిగిన మనిషి ఆ కుర్చీలో ఎన్నాళ్ళు బతికుంటాడో ఎవరికీ తెలీదు.

షెడ్డుకు వచ్చిన మొదటిరోజు బావ అన్న మాట మేస్త్రికి అలాగే గుర్తుండిపోయింది.

"ఒరేయ్, అందరూ నాకు కాలు పోయిందంటున్నారు గానీ, నిజానికి నాకు పోయింది చేతులురా. రెండూ ఈ చంకకర్రలకే సరిపోయాయి. మంచినీళ్ళ గ్లాసు ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి నా అంతట నేను తెచ్చుకోలేను."

శుక్రవారం విమానానికి టిక్కెట్టు తీశారు. శని, ఆదివారాలు కాలు సరిచూసుకుని నడిపించాలని మేస్త్రి లెక్క. చేతి సంచీలో పెడదామంటే పొడుగు చాలదు, పైగా మరలు బిగించే సామాను చేతి సంచీలో రానివ్వరు. పెట్టెలో పెట్టి సామాన్లతో పంపాల్సిందే. అక్కడ మొదలైంది గొడవ.

"తాళం లేకుండా తెచ్చావో చూడు!" అంది అక్క ఫోనులో. "మీ ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఏం జరిగిందో మర్చిపోయావా?"

మర్చిపోయేదెలా? తాళం వెయ్యని పెట్టెలోంచి బావ కొత్త బూట్లు ఎవడో కొట్టేశాడు. "రెండూ పట్టుకుపోయాడు చూశావా, కక్కుర్తి వెధవ! ఒకటి వదిలితే వాడి సొమ్మేం పోయింది?" అని బావ ఆరోజు నవ్వాడు. అక్క నవ్వలేదు.

మేస్త్రి భార్యది ఇంకో వాదన. "తాళం వేస్తేనే అనుమానమండీ. తెరవాలనుకుంటే కోసి పారేస్తారు, లేదా పక్కన పడేస్తారు. అయినా కాలెవడు ఎత్తుకుపోతాడు? వాడికి కొలత సరిపోవద్దూ?"

మేస్త్రి ఇద్దరికీ తలూపాడు. అక్క గట్టిగా మాట్లాడే మనిషి, భార్య సబబుగా మాట్లాడే మనిషి. మేస్త్రి చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడినవాళ్ళ మాటే విన్నాడు. షెడ్డు బీరువాకుండే పాత ఇత్తడి తాళం తెచ్చి పెట్టెకు బిగించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

విమానాశ్రయంలో పెట్టె తీసుకున్న అమ్మాయి అడిగింది, "తాళం వేశారా?"

"వేశానమ్మా, గట్టిది!"

"తనిఖీలో తెరవాల్సి వస్తే మైకులో పిలుస్తాం. కాస్త వింటూ ఉండండి."

"అలాగే," అన్నాడు మేస్త్రి. అన్నవాడు అన్నట్టుండొచ్చుగా? విమానం కోసం కూర్చున్న హాల్లో ఎవరో గోడకు రంధ్రాలు వేస్తున్నారు. ఆ హోరు వినగానే మేస్త్రి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఎప్పటిలాగే రెండు దూది ఉండలు తీసి చెవుల్లో కుక్కుకున్నాడు. హాయిగా ఓ కునుకు తీశాడు కూడా. పక్కనాయన మోచేత్తో పొడిస్తే లేచి, అందరి వెనకా వెళ్ళి విమానమెక్కాడు.

ఆ కునుకులో ఉండగానే తనిఖీ గదిలో తెర మీద మేస్త్రి పెట్టె కనబడింది. లోపల లేసు కట్టిన బూటు, బూటులో పాదం, పాదం మీద గొట్టం. ఆ పైన మనిషి లేడు. చూసినవాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పెట్టెకేమో తాళం. మైకులో పిలిచారు, మళ్ళీ పిలిచారు, ఎవరూ రాలేదు. పెట్టెను పక్కన పెట్టేశారు.

ఇదంతా మేస్త్రికి తెలిసింది విమానం దిగాకే. సామాన్లు తిరిగే పట్టీ మీద అందరి పెట్టెలూ వచ్చి, పట్టీ ఖాళీ అయి, ఆగిపోయింది. కౌంటర్లో ఉద్యోగి కంప్యూటరులో చూసి, జరిగింది చెప్పాడు. "మీరొచ్చి తెరవాలి, లేదా కొయ్యడానికి ఒప్పుకోవాలి."

మేస్త్రి జేబులోంచి తాళంచెవి తీసి కౌంటరు మీద పెట్టాడు. దాని వల్ల ఇక్కడ ఏ ఉపయోగమూ లేదని ఇద్దరికీ తెలుసు.

"కోసెయ్యమనండి బాబూ," అన్నాడు. "ఎప్పుడొస్తుంది?"

"వారాంతం కదండీ. వీలు చూసి పంపిస్తారు."

బయట అక్క, ఆ పక్కన చంకకర్రల మీద బావ నిలబడి ఉన్నారు. ఇద్దరి కళ్ళూ మేస్త్రి ఖాళీ చేతుల మీదే పడ్డాయి. విషయం విన్నాక అక్క నెత్తి కొట్టుకుంది. బావే అన్నాడు, "పోనీలేరా. మొన్న బూట్లు పోయాయి, ఇవాళ కాలు పోయింది. రేపు నన్ను పెట్టెలో పెట్టి పంపండి, పీడ పోతుంది."

శనివారం పెట్టె రాలేదు. ఆదివారమూ రాలేదు. మేస్త్రికి అన్నం సయించలేదు. భార్యకు ఫోను చేస్తే, ఆమె అంతా విని, "తిన్నారా?" అని మాత్రం అడిగింది. నేను చెప్పలేదా అని నాలుగు దులిపేసినా బాగుండేది. బావ చంకకర్రలతో ఇంటి మెట్లు ఎక్కి దిగి చూశాడు. ఎక్కాడు గానీ, పైకి వెళ్ళాక తలుపు తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. కిందున్న మేస్త్రి అది చూసి ముఖం తిప్పుకున్నాడు. తప్పు తనదే. తాళానిది కాదు, అక్కది కాదు, తనది. దూదిదీ కొంత ఉంది గానీ, ఆ దూది పెట్టుకున్నదెవరు?

సోమవారం పొద్దున్న బావ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే గుమ్మంలో వ్యాను ఆగింది. పెట్టె వచ్చింది. తాళం లేదు, దాని బదులు అడ్డంగా అతికించిన పట్టీ ఉంది. మేస్త్రి పట్టీ చింపి తెరిచాడు. కాలు క్షేమంగా ఉంది. బూటు మాత్రం తను తొడిగినట్టు లేదు. తను లేసును ఒక ముడి వేసి వదిలేస్తాడు. ఇప్పుడు బడికెళ్ళే పిల్లాడికి కట్టినట్టు రెండు ముడులున్నాయి. ఎవరో బూటు విప్పి, లోపలంతా వెతికి, మళ్ళీ జాగ్రత్తగా తొడిగారు. షెడ్డు పద్ధతి వాళ్ళకెవరు చెప్పారో మరి.

తొడుగు సరిపోయింది. పాదం కొంచెం బయటికి తిరిగింది. మర వదులు చేసి, తిప్పి, నడిపించి, మళ్ళీ బిగించాలి. అందుకే గదా రెండు రోజులు అట్టేపెట్టింది. ఇప్పుడు ఆ తీరిక లేదు.

"ఇలాగే పద," అన్నాడు బావ.

ట్యాంకుకు ఇనప మెట్లు. కింద ముగ్గురు అధికారులు, వాళ్ళకు కాస్త ఎడంగా అక్క. బావ చంకకర్రలు తీసి మేస్త్రికిచ్చి, చువ్వ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. ప్రతి మెట్టుకూ బూటు పక్కకు జారుతోంది. తొడుగు అంచు ఎక్కడ ఒరుసుకుంటోందో మేస్త్రికి తన చర్మం మీద తెలుస్తోంది. ఆగమందామనుకునేలోపే బావ ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఎక్కాడు.

పైకి చేరాక అధికారి కిందినుంచి కేకేశాడు. "ఆ వాల్వు కట్టి, మళ్ళీ తిప్పండి!"

బావ చువ్వ వదిలేశాడు. ఇనప చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ఎడం పెట్టి, బలంగా తిప్పాడు. గొట్టంలో నీళ్ళ చప్పుడు ఆగింది. వెనక్కి తిప్పాడు. నీళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

మేస్త్రికి ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ చంకకర్రలున్నాయి. కింద పడెయ్యొచ్చన్న ఆలోచన కూడా రాలేదు.

బావ దిగివచ్చాడు. మేజోడు అంచున కాస్త నెత్తురు కనబడింది, అది చూసింది మేస్త్రి ఒక్కడే. పెద్ద అధికారి, "రేపణ్ణించి రండి," అని వెళ్ళిపోయాడు. అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే మెట్ల దగ్గర కూలబడింది.

"ఏరా, ఆ ముఖమేంట్రా?" అంటూ బావ జేబులోంచి రుమాలు తీసి, ఒక చేత్తో మేస్త్రి గడ్డం పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడిచాడు.