ఒంటబట్టని పాలు

ఆ ఇంట్లో ఎవరో పిల్లకి పాలు అందకుండా చేస్తున్నారు. ఎవరో అనుకోవడం కూడా మర్యాదకే. తణుకులోని ఆ చిన్న పెంకుటింట్లో పగలంతా పిల్ల దగ్గర ఉండేది అత్తగారు సంపూర్ణమ్మ ఒక్కతే.

రాజమండ్రి ఎముకల డాక్టరు రక్తపరీక్ష కాగితం పక్కన పెట్టి పిల్ల తల్లి ఆశాజ్యోతి వైపు చూశాడు. ఐదేళ్ళ గ్రేసీ కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంగిపోతున్నాయి. గేదెపాలు, ఆవుపాలు ఏవి పట్టినా విరేచనాలు. అందుకే దసరా అప్పుడే క్యాల్షియం కలిపిన సోయాపాలు రోజూ తాగించమని రాశాడు. క్రిస్మస్ దాటినా ఒంట్లో క్యాల్షియం ఉన్నచోటే ఉంది. ఇలాగే ఉంటే ఆపరేషన్ తప్పదన్నాడు.

"అసలు తాగుతోందా అమ్మా?"

తాగుతోందనే చెప్పింది ఆశాజ్యోతి. తిరుగు బస్సులో ఆ జవాబు మీద తనకే నమ్మకం పోయింది.

అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవు. ఏ కబురైనా పిల్ల మీదుగానే నడిచేది. బియ్యం నిండుకున్నా అంతే, చుట్టాలొచ్చినా అంతే. మొగుడు రమేష్ బాబు చెరుకు గానుగాడే రోజులని ఫ్యాక్టరీలో డబుల్ డ్యూటీలు చేస్తూ ఆ గొడవలోంచి హాయిగా తప్పించుకున్నాడు.

మాటలు ఆగింది ఈ సోయాపాల సీసా దగ్గరే. సీసాలోవి పాలేంటి, గింజలు కడిగిన నీళ్ళు అంది సంపూర్ణమ్మ. పిల్లకి కావలసింది పెరట్లో పండే టమాటాలట. ఆ ఎరుపంతా రక్తమేనట. ఆశాజ్యోతి హైస్కూల్లో సైన్సు టీచరు. టమాటాలో సి విటమిన్ ఉంది, సోయాపాలలో లేదు, ఒప్పుకుంటానంది. కానీ మాంసకృత్తుల్లో ఈ పాలకి టమాటా దరిదాపుల్లోకి రాదు. ఇక గ్లాసుడు పాలలో ఉన్న క్యాల్షియం టమాటాల్లోంచి రావాలంటే రెండు కిలోల పైనే తినాలి.

"తినిపిస్తానని మీ అమ్మతో చెప్పవే గ్రేసీ," అంది సంపూర్ణమ్మ. నేరుగా మాట్లాడటం ఆ రోజుతో సరి.

ఆ ఏడాది వీధిలో అందరి టమాటాలూ అడుగు నల్లబడి కుళ్ళిపోతుంటే సంపూర్ణమ్మ కాయలు మాత్రం మచ్చలేకుండా నిగనిగలాడాయి. చర్చిలో ఆడవాళ్ళంతా అదే చెప్పుకున్నారు. ఆశాజ్యోతికి ఒళ్ళు మండింది.

డాక్టర్ని చూసొచ్చిన మర్నాడు ఆమె తలనొప్పని సెలవు చెప్పి, సందు వైపు నుంచి వచ్చి స్నానాలగది గోడ చాటున నిలబడింది. ఈసారి చేతికి చిక్కితే ఈవిడ ఈ ఇంట్లో ఉండకూడదని అప్పటికే నిశ్చయించుకుంది.

సంపూర్ణమ్మ ఫ్రిజ్‌లోంచి సీసా తీసింది. నిండు బిందె మోస్తున్నంత జాగ్రత్తగా, కదలకుండా పట్టుకొచ్చింది. గ్లాసు వంచి పైపైన సన్నగా పోసింది. గ్రేసీ గటగటా తాగేసింది. పిల్లకి పాలు అందుతున్నాయి. అంటే ఇన్నాళ్ళూ తను అనుమానించింది తప్పా?

సంపూర్ణమ్మ సీసాని వెలుతురులో పెట్టి చూసింది. అడుగున చిక్కగా తెల్లటి మడ్డి. చెంబుడు నీళ్ళతో సీసా తొలిచి తీసుకెళ్ళి టమాటా మొక్క మొదట్లో పారబోసింది.

"ఏం చేస్తున్నారు మీరు?"

సంపూర్ణమ్మ ఉలిక్కిపడలేదు. "దొంగలా వచ్చావేంటి ఇంట్లోకి?"

"అది ఎందుకు పారబోశారు?"

"మడ్డి పిల్లకి పట్టమంటావా? కాలవ నీళ్ళు కూడా ఇండుపగింజ అరగదీసి, బురద అడుక్కి దిగి తేరుకున్నాకే పోశాను నీ మొగుడికి. వాడి కాళ్ళు వంగాయా?"

"అది మడ్డి కాదండి. క్యాల్షియం. కదపకపోతే అడుక్కి దిగిపోతుంది. దాని ఎముకలకి పోవలసిందంతా మీ టమాటాలకి పోశారు. అందుకే వాటికి మచ్చ పడలేదు."

సంపూర్ణమ్మ మొక్కల వంక చూసింది. చెంబు కింద పెట్టింది.

"సీసా ఊపి పొయ్యాలన్న ముక్క నాతో ఎప్పుడు చెప్పావు?"

సీసా మీద ఇంగ్లీషులో రాసి ఉన్నది ఆశాజ్యోతి మొదటి రోజే చదివింది. ఈవిడతో నేరుగా మాట్లాడాల్సి వస్తుందని ఊరుకుంది. పిల్లతో చెప్పి పంపడానికి కూడా మనసొప్పలేదు.

డాక్టరు దగ్గరికి ఈసారి ఇద్దరూ వెళ్ళారు. సంగతంతా విని, ఎవరు పారబోశారని అడిగాడాయన.

"నేనేనండి," అంది సంపూర్ణమ్మ. "చెప్పాల్సినావిడ చెప్పలేదు."

ఆశాజ్యోతి తల దించుకుంది. డాక్టరు ఇద్దరినీ సమంగా చీవాట్లు పెట్టాడు. ఈస్టరు దాకా గడువిచ్చాడు. టమాటాలు కూడా మానక్కర్లేదన్నాడు. ఆ మాటకి సంపూర్ణమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది.

బస్సులో గ్రేసీ ఇద్దరి మధ్యా కూర్చుంది. బ్రిడ్జి దాటాక ఆశాజ్యోతి అత్తగారి వైపు తిరిగి నేరుగా అంది:

"రేపట్నుంచి సీసా బాగా ఊపి, చివరి చుక్కదాకా పొయ్యండి అత్తయ్యగారూ."

సంపూర్ణమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"గ్రేసీ, వినబడిందని మీ అమ్మతో చెప్పు."