ఏడో నంబరు జాలీ

ఇంకొక్క ఎండ పడితే చాలు, రేపటికి డబ్బాకెత్తొచ్చు, ఎత్తడానికి మిగిలితే కదా, ఈ ఋతుజకు వడియాలు ఎండకముందే నోరూరుతుంది, ఇదిగో వరస మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీలు, బడికి పోతూ పోతూ చెయ్యి పెట్టి ఉంటుంది, అనుకుంటూ చంద్రభాగ డాబా మీద సాబూదానా వడియాలు తిరగేస్తోంది, కింద కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాల, తువ్వాళ్లు నేసే మరమగ్గాల చప్పుడు ఎప్పటిలాగే అరికాళ్లలో కొట్టుకుంటోంది, పెళ్లయి ఈ కుంఠా నాకాకు వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నిద్రపట్టేది కాదు, ఇప్పుడు పుట్టింటికి పోతే ఆ చప్పుడు లేక నిద్రపట్టదు, మనిషిని దేనికైనా అలవాటు చెయ్యొచ్చు, ఒక్క మొగుడి గురకకు తప్ప, అదేమిటి, అరికాళ్ల కింద ఏమీ లేదు, ఆగిపోయింది, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కరెంటు పోయిందా అంటే పక్కింటి నర్సమ్మత్త మిక్సీ గీపెడుతూనే ఉంది, చాయ్ వేళ కాదు, సెలవు కాదు, పొద్దున పదకొండు, తువ్వాళ్ల లోడు ఎల్లుండి పోవాలి, ఒక్క సాంచా ఆగితేనే మొగుడు రాజారాం ఒళ్లో నిప్పు పడ్డట్టు లేస్తాడు, అన్నీ ఆగడం తను ఈ ఇంట్లో ఒక్కసారే విన్నది, పదకొండేళ్ల కింద, సాంచాలు బాగుచేసే పెంటప్ప చూపుడువేలు సగం తెగిన రోజు, ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనక కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు, నాలుగు వేళ్లు చూపితే నాకు మూడున్నర చాయ్‌లే తెస్తున్రు బిడ్డా, అని తర్వాత ఆయనే నవ్వించాడు, అందరూ నవ్వారు, సాంచా బెల్టు మీద మూత లేదన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది, దేవుడా, ఇప్పుడెవరిది, వేలా, చెయ్యా.

లేవబోతూ చేయి ఆనించింది, ఆనించింది దేని మీదో అప్పుడు చూసింది, పల్చటి గుడ్డ కింద ఇనుప జాలీ, మూలన తెల్లరంగుతో ఏడు, ఏడో సాంచా బెల్టు మీద ఉండాల్సిన జాలీ, రెండేళ్ల కింద గోదాములో మూలపడి తుప్పు పడుతుంటే చింతపండుతో తోమి తెచ్చుకుంది తనే, నాలుగు ఇటుకల మీద పెడితే కిందనుంచి కూడా గాలి, రెండు రోజుల్లో గలగలలాడే వడియం, బీకాం చదివిన తెలివి ఊరికే పోతుందా.

భాగ్యలక్ష్మి అడిగింది నిన్ననే, బీడీలు చుట్టడం మానేసి ఐదేళ్లుగా కండెలు చుడుతున్న భాగ్యలక్ష్మి, కార్ఖానాకొకరు మూడు రోజులు వచ్చి భద్రత గురించి, ముందుండి నడిపించడం గురించి, రాబోయే కాలానికి కావలసిన పనితనం గురించి నేర్చుకోవాలని తువ్వాళ్లు కొనేవాళ్లు షరతు పెడితే, ఎవరు లేకపోయినా ఏ సాంచా ఆగదో వాళ్లను పంపుదామని రాజారాం ఆమెను పంపాడు, నాయకత్వానికి ఎంపిక అలా జరిగింది, తిరిగొచ్చి ఆమె ప్రతి ఒక్కరినీ అడిగింది ఒకటే, నీ పనిల నీకు యాడ భయమైతది, మూడు రోజులు పోయి గీ ఒక్క సవాలు తెచ్చినవా, జవాబు తేలేదా, అని రాజారాం ఎకసెక్కమాడాడు, ఆమె మాత్రం వింటూ పోయింది, చివరికి జాలీ లేని ఏడో సాంచా ఆపించి, నడపొద్దన్న గుర్తుగా దానికి ఎర్రగుడ్డ కట్టి, మెట్లెక్కి వచ్చి, వదిన వరస కలిపి, వైనీ, ఏడో నంబరు జాలీ ఏడన్న కనపడ్డదా, అంది, చూడలేదే, ఇదిగో వడియం రుచి చూడు, అంది తను, ఎంత తియ్యగా అంది, ఆమె వడియాన్ని వెనక్కి తిప్పి చూసి, నోట్లో వేసుకుని, ఉప్పు జర తక్కువైంది వైనీ, అని దిగిపోయింది.

మెట్లు ఇన్నెప్పుడయ్యాయో, గుమ్మంలోకి వచ్చేసరికి పెంటప్ప నిలబడే ఉన్నాడు, ముందు వేళ్లు లెక్కపెట్టింది, తొమ్మిదిన్నర, అన్నీ ఉన్నాయి, భుజం మీది తువ్వాలే సగం ఆయన చేతిలో, సగం ఏడో సాంచా బెల్టులో, ఎర్రగుడ్డ నేల మీద, అది విప్పింది ఎవరో అందరికీ తెలుసు, విప్పిన రాజారామే అరుస్తున్నాడు, ఒక్క సాంచాకు అన్నీ బంద్ చేస్తవా, అక్కల్ ఉన్నదా నీకు, భాగ్యలక్ష్మి మెయిన్ స్విచ్చి మీంచి చెయ్యి తియ్యలేదు, ఒక్కటి ఆగితె మీరు ఫోన్ చేస్తరు సేఠ్, అన్నీ ఆగితెనే మెట్లు దిగుతరు, అంది, ఎవరో నవ్వబోయి దగ్గారు, రాజారాం పెంటప్ప మీదికి తిరిగాడు, జాలీ ఊడదీసింది నువ్వే కదా, వయసైంది నీకు, రేపటి సంది ఇంటి కాడ్నే కూసో, పెంటప్ప తల వంచాడు, నేనే తీసిన సేఠ్, యాడ పెట్టిన్నో యాది లేదు.

యాది లేదట, గోదాములోనే పెట్టాడు పాపం, ఎత్తుకుపోయింది తను, ఆ ముసలాయన నలభై ఏళ్ల పని ఒక వడియాల మంచె కింద పడి నలిగిపోతోంది, మేనేజ్‌మెంటు సూత్రాలు పద్నాలుగూ కంఠతా పట్టి ఫస్టు క్లాసు తెచ్చుకున్న మనిషి మెట్టు మీద కొంగు నలుపుకుంటూ నిలబడింది, నాలుగో క్లాసు దాటని భాగ్యలక్ష్మి అంటోంది, ఎవరు తీసిండ్రని అడగకుండ్రి సేఠ్, ఎందుకు తియ్యాల్సొచ్చిందో అడుగుండ్రి, చెప్పు మామా, అని పెంటప్ప వైపు తిరిగింది, ఆయన బెల్టు చూపించి అన్నాడు, నూనె పొయ్యాలంటె దినాం నాలుగు నట్లు ఇప్పాలె, బిగియ్యాలె, ఎన్నడో ఒకనాడు బిగియ్యలే, తలుపు లెక్క బందులు పెడితె తీసుడే ఉండది, ఇరవై ఏండ్ల సంది అనుకుంటున్న, మరి చెప్పలేదేంది, అన్నాడు రాజారాం, ఎవరన్న అడిగితె కదా సేఠ్, రాజారాం మెల్లగా, బందులు పెడదాం తియ్యి, మరి జాలీ ఏది, పొయినదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలె కదా, అన్నాడు, అందరి కళ్లూ మళ్లీ పెంటప్ప మీదికి పోయాయి, అప్పుడు చూసింది చంద్రభాగ, స్విచ్చి మీద భాగ్యలక్ష్మి చెయ్యి వణుకుతోంది, గాజులు చిన్నగా మోగుతున్నాయి, సాంచాలు నడుస్తుంటే వినపడి ఉండేవి కావు.

మళ్లీ మెట్లు, ఈసారి పైకి, వడియాలు కొంగులోకి గబగబా, ఒకటి బోర్లా పడింది, దాని వీపు మీద చిన్న చిన్న గళ్లు, జాలీ అచ్చు, గుడ్డలోంచి కూడా దిగింది, ప్రతి వడియం మీదా ఉంది, నిన్న వెనక్కి తిప్పి చూసింది ఇదే, ఆమెకు నిన్ననే తెలుసు, తెలిసీ పేరెత్తలేదు, సాంచాను ఆపి ఉంచి, తనను ఉప్పు దగ్గర వదిలేసి, తనంతట తనే దిగి వస్తుందని ఒక రోజు ఎదురుచూసింది, నీ పనిలో నీకు ఎక్కడ భయమవుతుందన్న ప్రశ్న అందరినీ అడిగి తననే అడగలేదని నిన్న కాస్త చిన్నబుచ్చుకుంది కూడా, అడిగిందన్నమాట, జాలీ బరువుగానే ఉంది, అంచు అరచేతిని కోస్తోంది, తన చేతులూ వణుకుతున్నాయి, వణకనీ, కింద ఆ చెయ్యి వణుకుతూనే ఇరవై నాలుగింటిని ఆపి పట్టుకుంది.