మిగిలింది

సట్టి అడుగున అంటుకున్న సంగటిని గరిటెతో గీకి నోట్లో వేసుకున్నాక ప్రసన్నకుమారికి డైరీ గుర్తొచ్చింది. భర్త దామోదరం బస్సు డిపో నుంచి తెచ్చి, ఒక్క పేజీ కూడా రాయకుండా పడేసిన తొంభై ఎనిమిదో సంవత్సరం డైరీ అది. చేయి కడుక్కొని, అందులో గీసుకున్న మూడు గడులూ నింపింది. వేళ: రెండున్నర. తిన్నది: మిగిలింది. కడుపు: నొప్పి.

అలా రెండు వారాలు రాసుకు రమ్మన్నది డాక్టరమ్మ. రెండేళ్లుగా తిన్న అరగంటకే కడుపు మెలిపెడుతోంది. ఒకరోజు విరేచనాలు, తర్వాత నాలుగు రోజులు బిగదీయడం. స్కానింగులో ఏమీ లేదన్నారు. ఆ కాగితం చూసి దామోదరం నవ్వాడు, తిరుపతి బస్టాండు దాటేసరికి కోపం తెచ్చుకున్నాడు. ఏమీ లేనిదానికి తన సెలవొకటి పోయిందన్నాడు. ఏమీ లేకపోతే నొప్పి ఎక్కడ పుడుతోంది? అబద్ధమాడేది తన కడుపా, తానా? ఒకే పప్పు సోమవారం పడింది, గురువారం పడలేదు.

రెండు వారాలయ్యాక డాక్టరమ్మ ఆ పేజీలు తిప్పి కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఈ మిగిలింది ఏందమ్మా? రోజూ అదే తింటున్నావే?"

ప్రసన్నకు ప్రశ్న అర్థం కాలేదు. "మిగిలిందంటే... మిగిలిందే మేడమ్."

"ఏం తిన్నావో నీకే తెలీకపోతే, ఏం పడలేదో నేనెట్లా చెప్పేది?"

కారం, పాలు, శనగలు, అలసందలు కొన్నాళ్లు ఆపమంది. మెత్తటి అన్నం, సొరకాయ, బీరకాయ తినమంది. నెమ్మదించాక ఒక్కొక్కటే కలిపి చూడమంది. రోజూ ఒకే వేళకు, కూర్చొని తినాలంది. కూర్చొని అన్నచోట ప్రసన్న ఆలోచనలో పడింది. అదీ పథ్యమేనా?

పథ్యం బాలింతలకు కదా అన్నాడు దామోదరం. అత్త సుబ్బులమ్మ, తాను కాపురానికొచ్చిన కాడినుంచి సద్దికూడే తిన్నానని, తనకు ఏ రోగమూ రాలేదని పొయ్యికి వినిపించేలా చెప్పింది.

మరునాడు ఒంటిగంటకు ప్రసన్న కంచం ముందు కూర్చుంది. చేతులు కడుక్కొని వచ్చిన దామోదరం గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమే, మగోడు తినకముందే కూసున్నావే."

ఆమె మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. ముద్ద ఇంకా నోట్లో పెట్టలేదు, కడుపు అప్పుడే మెలిపెట్టింది. తినకముందే వచ్చిన నొప్పిని ఏ గడిలో రాయాలి?

"అంతా గిన్నెల్లోనే ఉండాది. పెట్టుకోండి," అని మళ్లీ కూర్చుంది.

పది రోజులకు నొప్పి తగ్గుముఖం పట్టింది. తగ్గించింది సొరకాయో, కూర్చోవడమో ఆమె తేల్చుకోలేకపోయింది. రెంటిలో ఒకటి మానేసి చూడడానికి మాత్రం మనసు రాలేదు.

ఒకనాడు దామోదరం తిని వెళ్లాక సుబ్బులమ్మ ఒక్కొక్క గిన్నే వంచి చూసుకుంటూ వచ్చి, ప్రసన్న కంచం దగ్గర ఆగింది.

"ఆ సప్పిడి కూర నాకూ ఒక గరిటెడు పెట్టు మే." గొంతు తగ్గించింది. "నాకూ అట్లే మెలిపెడతాది. మీ మామ ఉన్నప్పటి నుంచి."

ప్రసన్న తన పక్కన ఇంకో కంచం పెట్టింది. తినడం అయ్యాక డైరీలో కొత్త పేజీ తీసి మూడు గడులు గీసింది. పైన సుబ్బులమ్మ అని రాసింది. కాపురానికొచ్చిన పదహారేళ్లలో అత్త పేరు రాయడం అదే మొదలు. వేళ రాసింది, తిన్నది రాసింది, మూడో గడి దగ్గర తలెత్తింది.

"కడుపెట్లుండాది అత్తా?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ఆ ప్రశ్న సుబ్బులమ్మకు అర్థం కాలేదు.