మొదటి కప్పు ఎవరికి

సింగపూర్ టాంజాంగ్ పగార్‌లో పాత పెంకుటిళ్ల వరుసలో ఉన్న ఆ కొరియన్ టీ హౌస్‌లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. చెప్పులు గుమ్మం బయట వదిలి, చాపల మీద బాసింపట్టు వేసుక్కూర్చోవాలి. భ్రమరాంబకి అదేం ఇబ్బంది కాలేదు. పక్కన కూర్చున్న జగన్మోహనరావే ఇబ్బంది. ఆయన కొట్టుకొచ్చిన సెంటు కూడా ఆవిడకి గిట్టదు.

ఊరికే గిట్టకపోలేదు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచెయ్యాలని లోకమంతా గగ్గోలు పెట్టినప్పుడు, కళ్లు కాయలు కాసేలా కూర్చుని ప్రోగ్రాములు దిద్దింది ఆవిడ. అదంతా తన చలవేనని మీటింగులో చెప్పుకున్నది మేనేజరైన ఈ రావుగారు. "ఈ అమ్మాయి టైపింగులో సాయం చేసింది" అని కూడా అన్నాడు మహానుభావుడు.

ఇప్పుడో కొరియన్ బ్యాంకు తన కొత్త ప్రాజెక్టు నడపడానికి వీళ్లిద్దరిలో ఒకర్ని ఎంచుకుంటుంది. రెండోవాళ్లకి కంపెనీలో పనిలేదు. ఉద్యోగం పోతే సింగపూర్‌లో ఉండనిచ్చే పాస్ కూడా పోతుంది. జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు, కూతురి బడి, అన్నీ ఇవాళే తేలిపోతాయని భ్రమరాంబకి తెలుసు.

బ్యాంకు తరఫున వచ్చిన హన్‌గారు టీ కూజా చేతిలోకి తీసుకుని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు. "మా పద్ధతిలో పెద్దవాళ్లకి ముందు పొయ్యాలి. మీ వయసులు?"

"నలభై ఒకటి" అంది భ్రమరాంబ.

కూజా ఆవిడ వైపు తిరిగింది. రావు పాస్‌పోర్టు ప్రకారం ఆయనకి నలభై. కానీ తన కింద పనిచేసే ఆడమనిషికి ముందు టీ పోస్తుంటే చూస్తూ కూర్చోడం ఆయన ఒంటికి పడదు.

"ఆగండి సార్. నిజానికి నాకు నలభై రెండు. బళ్లో వేసేటప్పుడు మా నాన్నగారు రెండేళ్లు తగ్గించి రాయించారు. పాస్‌పోర్టులో ఉన్నది తప్పు" అన్నాడు, అదేదో ఘనకార్యంలా.

కూజా గాలిలోనే ఆగిపోయింది.

"తప్పా? ఆ తేదీ నిజమేనని మా బ్యాంకుకి రాసిచ్చారు కదా?"

రావు గబుక్కున తెలుగులోకి దిగాడు. "భ్రమరాంబా, నువ్వు చెప్పమ్మా. మన వైపు అందరిదీ ఇంతేనని చెప్పు. నీదీ అంతేగా?"

అంతే మరి. ఆవిడ పుట్టింది దీపావళికి. హెడ్మాస్టరుగారు జూన్ ఒకటని రాసేశారు. అది మా ఊళ్లల్లో మామూలేనని ఒక్క మాట అంటే రావు గండం గట్టెక్కుతాడు. అందామనే నోరు తెరిచింది. అంతలో ఆ టైపింగు మాట గుర్తొచ్చింది.

"నా తేదీ సరిగ్గానే ఉంది" అంది హన్‌తో, ఇంగ్లీషులో.

మొదటి కప్పు ఆవిడకే వచ్చింది. రెండు చేతులా అందుకుని తాగింది. సిగ్గేసింది. సిగ్గుని మించి సంతోషం వేసింది. ఆ తర్వాత హన్ ప్రాజెక్టు సంగతులన్నీ ఆవిడతోనే మాట్లాడాడు.

గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ రావు పళ్లు కొరికాడు. "నీదీ దొంగ తేదీయే. రేపే వెళ్లి ఆయనకి చెప్తాను, చూస్తూ ఉండు."

"చెప్పండి రావుగారూ" అంది భ్రమరాంబ. "నిజం చెప్పే మనిషని మీకు ఆయన దగ్గర ఇప్పుడే పేరొచ్చిందిగా."