పొడి బట్టల సంచి

న్యూజిలాండ్‌లో మా పడమటి తీరంలో వేటకి వెళ్లేవాడు రెండు జతల బట్టలు తీసుకెళ్తాడు. ఒకటి తడవడానికి, ఒకటి పొడిగా దాచుకోవడానికి. తడిజత ఒంటి మీద ఉంటుంది: ఉన్ని బనియను, మందపాటి ఉన్ని చొక్కా, పైన రెయిన్‌కోటు, కింద నిక్కరు. ప్యాంటు తడిస్తే మోకాళ్లకు చుట్టుకుని నడవనివ్వదు. అందుకని ఎంత చలైనా నిక్కరే. పొడిజత ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి బ్యాగు అడుగున పెడతాం. దాన్ని అడవిలో వేటగాళ్ల కోసం కట్టిన గుడిసెలో, కప్పు కిందే విప్పాలి. మర్నాడు పొద్దున్నే దాన్ని మళ్లీ మూటకట్టి, పళ్లు బిగించి ఆ తడి బట్టల్లోకే దూరాలి. దారిలో పొడిజత విప్పినవాడి పేరు ఏడాది పాటు పబ్బులో అందరి నోళ్లలో నానుతుంది.

ఇది మా నాన్న నాకు నేర్పాడు. నేను మా తమ్ముడు ఎరల్‌కి నేర్పాను.

ఏప్రిల్‌లో, అంటే మాకు చలి మొదలయ్యే నెలలో, మగదుప్పులు జత కోసం అరిచే రోజుల్లో, ఇద్దరం బయల్దేరాం. జనవరిలో ఎరల్‌కి కడుపు ఆపరేషన్ అయింది. పద్దెనిమిది కిలోలు తగ్గాడు. నిక్కరు జారిపోకుండా తాడు కట్టుకున్నాడు. వాడి భార్య నోలీన్ గుమ్మంలో నిలబడింది.

"క్లైవ్ బావగారూ, ఈ ఒక్క ఏడాదీ మానెయ్యమని మీరైనా చెప్పండి."

"ఇంట్లో కూర్చుంటే బూజు పడతాను, నువ్వూరుకోవే," అన్నాడు వాడు.

నేను వాడి బ్యాగు తీసి బండిలో పెట్టాను. మేం పనిచేసిన మిల్లు మూసేశాక మా ఇద్దరికీ మిగిలింది ఆ నాలుగు రోజుల అడవే.

పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నం రెండింటికి వాగు దగ్గరికి చేరాం. అవతలి గట్టున, వందడుగుల దూరంలో, గుడిసె పొగగొట్టం కనబడుతోంది. వాగులో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఇవతలి గడ్డిలో దుప్పి తలెత్తింది. ఎరల్ ఒకే తూటాతో పడగొట్టాడు. వాడి మొహంలో అంత రంగు చూసి చాలా రోజులైంది.

"అన్నా, ముందు దాటేద్దాం. పొయ్యి వెలిగించి, టీ తాగి, తీరిగ్గా వచ్చి కోసుకుందాం."

"నీ టీ తగలెయ్య! ఈలోగా పందులొచ్చి పొట్ట చీల్చేస్తాయి. కత్తి తియ్."

తీశాడు. గంటన్నర పట్టింది. వెనక తొడలు రెండూ, వెన్ను మాంసం మూటలు కట్టుకుని గట్టుకొచ్చేసరికి వాగు బురదరంగు తిరిగి నడుం దాటింది. అడుగున బండలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు కాళ్లకి తెలుస్తోంది.

"ఎంత తొందరగా పొంగిందో అంత తొందరగానే తీస్తుందిలే. వాన ఓ గంట తెరిపిస్తే చాలు," అన్నాను. మా వాగుల సంగతి నాకు తెలుసు మరి.

పెద్ద రిము చెట్టు కింద కూర్చున్నాం. ఎరల్ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అన్నా, పొడి చొక్కా వేసుకోనా?"

"వేసుకో. అరగంటలో అదీ తడుస్తుంది. రాత్రికి మీ ఆవిడ గౌను తెప్పించుకుందువుగాని."

"ఆవిడ గౌనులో ఇప్పుడు నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు," అని నవ్వాడు. నవ్వాడు కాబట్టి బాగానే ఉన్నాడనుకున్నాను.

ఇంకో గంటకి వణుకు ఆగిపోయింది.

"చూశావా? ఒళ్లు అలవాటు పడింది," అన్నాను. వణుకు ఆగడం మంచిది కాదని ఏ తరగతిలో చెబుతారో. నేను అంతదాకా చదవలేదు.

కాసేపటికి వాడు, "మిల్లు కూత అయిందా?" అని అడిగాడు. మిల్లు మూతపడి పదకొండేళ్లయింది. ఆ తర్వాత, "ఉక్కగా ఉందన్నా," అంటూ రెయిన్‌కోటు జిప్పు లాగడం మొదలుపెట్టాడు.

చలి వాడి తలకెక్కిందని అప్పటికి నాకు బుర్రలో వెలిగింది. బ్యాగులోంచి బీకన్ తీసి, సాయం కోసం సిగ్నల్ పంపే మీట నొక్కాను. మబ్బు చెట్ల తలల దాకా దిగి ఉంది. ఆ మబ్బులోకి హెలికాప్టర్ రాదని నొక్కుతున్నప్పుడే తెలుసు. సంచులు రెండూ చింపి, వాడి పొడి చొక్కా, దాని మీద నాది తొడగబోయాను. నా వేళ్లకి బొత్తాలు పట్టుబడలేదు. వాడి చేతులు చొక్కా చేతుల్లోకి వంగలేదు. వాణ్ణి నా కోటులోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. ఇవ్వడానికి నా ఒంట్లో మాత్రం వేడెక్కడుంది?

ఇంకా వెలుగుండగానే పోయాడు. ఆఖరి మాటంటూ ఏమీ అనలేదు.

తెల్లవారుజామున వాన ఆగింది. ఏడింటికల్లా వాగు మోకాలి లోతుకి దిగింది. వాణ్ణి వీపు మీద వేసుకుని దాటాను. మోయడం ఏమంత కష్టం కాలేదు. అంత తేలికైపోయినవాణ్ణి వానలోకి తీసుకొచ్చింది నేనే. గుడిసెలో పొయ్యి పక్క మంచం మీద పడుకోబెట్టి నిప్పు రాజేశాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? గుడిసెలోకి వెళ్లగానే ఎవరైనా చేసే మొదటి పని అదే.

తొమ్మిదిన్నరకి హెలికాప్టర్ దిగింది. కుర్రతనం పోని ఓ మనిషి మందుల సంచితో పరుగెత్తుకుంటూ లోపలికొచ్చాడు. పొయ్యి వైపు వేలాడుతున్న ఎరల్ చెయ్యి పట్టుకుని చటుక్కున నా వైపు తిరిగాడు. కళ్లు మెరిశాయి.

"వెచ్చగా ఉంది! ఎంతసేపయింది పెద్దాయనా, స్పృహ తప్పి?"

"నిన్న సాయంత్రం. అది పొయ్యి వేడి, బాబూ," అన్నాను.

అతను వెంటనే ఆ చెయ్యి వదల్లేదు. రెండో చెయ్యి కూడా తాకి చూశాడు. గోడ వైపు ఉన్నదాన్ని.